ముహమ్మద్: ఇంగ్లండు జాబితాలో మొదటికొచ్చిన పేరు వెనుక కథ

2024 డిసెంబరులో బ్రిటన్ జాతీయ గణాంక కార్యాలయం అంతకుముందు ఏడాది ఇంగ్లండు, వేల్స్‌లలో పుట్టిన పిల్లల పేర్ల జాబితా విడుదల చేసింది. మగపిల్లల్లో మొదటి స్థానం ముహమ్మద్‌ది. ఆ ఏడాది 4,661 మందికి ఈ పేరు పెట్టారు. అప్పటిదాకా ముందున్న నోవా 4,382తో రెండో స్థానానికి జారింది. తర్వాతి జాబితాలోనూ, అంటే 2024లో పుట్టిన పిల్లల్లోనూ, 5,721 మందితో ముహమ్మదే మొదట నిలిచింది.

వార్త వచ్చిన రోజు నుంచే దీన్ని చాలామంది ఒక హెచ్చరికగా చదివారు. దేశం చేజారిపోతోందన్న మాటలు, ఇక మన పేర్లు మిగలవన్న భయాలు సామాజిక మాధ్యమాల నిండా కనిపించాయి. పసిబిడ్డకు ప్రేమగా పెట్టుకున్న పేరు అలా బెదిరింపు గుర్తుగా మారడం నాకు బాధ కలిగించే విషయం. అసలు ఆ అంకెలు చెబుతున్నది ఏమిటో ముందు చూద్దాం.

2023లో ఇంగ్లండు, వేల్స్‌లలో సుమారు 5.91 లక్షల మంది పిల్లలు పుట్టారు. అందులో మగపిల్లలు 3 లక్షల పైచిలుకు. వారిలో 4,661 అంటే నూటికి ఒకటిన్నర. వెయ్యి మంది మగపిల్లలను వరుసగా నిలబెడితే ఈ స్పెల్లింగుతో ముహమ్మద్ అనే పేరున్నవారు పదిహేను మంది. ఇంత తక్కువ మందితో మొదటి స్థానం ఎలా దక్కింది? 1990ల నడుమ ఇదే జాబితాలో మొదట నిలిచిన జాక్ అనే పేరును ఏడాదికి పదివేల మందికి పైగా పెట్టేవారు. ఇంకా వెనక్కి, 18వ శతాబ్దానికి వెళితే, ఇంగ్లండు మగవారిలో సగం మంది దాకా జాన్, విలియం, థామస్ అనే మూడు పేర్లలోనే సర్దుకున్నారు. ఇప్పటి తల్లిదండ్రులకు తమ బిడ్డ పేరు తరగతిలో ఇంకెవరికీ ఉండకూడదు. అందుకని కొత్త పేర్లు వెతుకుతారు. పేర్ల రకాలు పెరిగేకొద్దీ ఒక్కో పేరుకు వచ్చే పిల్లల సంఖ్య పడిపోతుంది, మొదటి స్థానానికి కావలసిన సంఖ్య కూడా దానితోపాటే తగ్గుతుంది. పాత పేరును వదలకుండా పట్టుకున్న సమాజం ఒకటి పక్కనే ఉంటే, జనాభాలో చిన్న వాటాతోనైనా దాని పేరు పైకి తేలుతుంది. 2021 జనగణనలో ఇంగ్లండు, వేల్స్ జనాభాలో ముస్లింలు 6.5 శాతం. అదే వేల్స్‌ను విడిగా తీస్తే 2023లో ముహమ్మద్‌ది 63వ స్థానం.

ముస్లిం కుటుంబాలు ఈ పేరును అంతగా ఎందుకు పట్టుకున్నాయో తెలియాలంటే మక్కాకు వెళ్లాలి. ఇస్లాం ప్రవక్త ముహమ్మద్ అక్కడ పుట్టింది సుమారు 570లో. తండ్రి అబ్దుల్లా అప్పటికే చనిపోవడంతో తాత అబ్దుల్ ముత్తలిబ్ పేరు పెట్టారని సంప్రదాయ జీవిత చరిత్రలు చెబుతాయి. అరబ్బుల్లో అప్పటికి అది అరుదైన పేరు. వంశంలో లేని పేరెందుకని అడిగిన బంధువులతో, పైన దేవుడూ కింద మనుషులూ ఈ బిడ్డను మెచ్చుకోవాలని పెట్టానని తాత అన్నారట. పేరుకు అర్థం కూడా అదే: ఎంతగానో కొనియాడబడినవాడు. హ–మ–ద అనే మూడక్షరాల ధాతువు నుంచి వచ్చింది. అహ్మద్, మహమూద్, హమీద్, హమీదా అన్నీ ఆ ధాతువు బిడ్డలే. ఖురాన్ తొలి అధ్యాయం మొదలయ్యే ‘అల్‌హమ్దు’ కూడా అక్కడిదే. ఖురాన్‌లో ముహమ్మద్ అనే పేరు నాలుగు చోట్ల వస్తుంది, అహ్మద్ ఒక చోట. 47వ అధ్యాయం పేరే ముహమ్మద్.

నా పేరు పెట్టుకోండి, కానీ నన్ను పిలిచే ‘అబుల్ ఖాసిం’ అనే పిలుపును మాత్రం పెట్టుకోవద్దని ప్రవక్త చెప్పినట్టు హదీసుల్లో, అంటే ఆయన మాటలు, చేతల సంకలనాల్లో, ఉంది. పేరు ఇంతగా వ్యాపించడానికి ఆ మాటే అనుమతి, ఆ మాటే ప్రోత్సాహం. దక్షిణాసియాలో ఈ ఆచారం మరో రూపం తీసుకుంది. దీవెన కోసం ముందు మొహమ్మద్ అని చేరుస్తారు, బిడ్డను పిలవడానికి వెనక ఇంకో పేరు పెడతారు. మన క్రికెటర్ మహమ్మద్ సిరాజ్‌ను అందరూ సిరాజ్ అంటారు, అజహరుద్దీన్‌ను అజహర్ అంటారు. బ్రిటన్ ముస్లింలలో పాకిస్తాన్, బంగ్లాదేశ్, భారత మూలాలున్నవారు చాలా ఎక్కువ. అక్కడి లెక్కల్లోకి వచ్చేది రిజిస్టరులో రాసిన మొదటి పేరు. కాబట్టి ఇంట్లో, బడిలో ఇబ్రహీం అనో యూసుఫ్ అనో పిలిపించుకునే పిల్లవాడు కూడా జాబితాలో ముహమ్మద్‌గానే లెక్కకు వస్తాడు.

బ్రిటన్ జాబితాల్లో ఈ పేరు కనబడటం నిన్నమొన్నటి సంగతి కూడా కాదు. పదేళ్లకొకటిగా కూర్చిన పాత జాబితాల ప్రకారం మొహమ్మెద్ అనే స్పెల్లింగు మొదటి వందలోకి 1924లోనే వచ్చింది, 91వ స్థానంలో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తగ్గి, 1960లలో మళ్లీ లేచింది. పాకిస్తాన్ అధీనంలోని మీర్‌పూర్ ప్రాంతంలో మంగ్లా ఆనకట్ట కింద లక్ష మందికి పైగా ఊళ్లు పోగొట్టుకున్నది ఆ దశాబ్దంలోనే. వారిలో ఎందరో ఇంగ్లండులోని బట్టల మిల్లులకు, కర్మాగారాలకు పనికి వెళ్లారు. మొహమ్మద్ అనే స్పెల్లింగు 1980ల మొదట్లో, ముహమ్మద్ 1980ల నడుమ వందలో చేరాయి. చివర వచ్చిన ముహమ్మద్ మిగతా రెండింటినీ దాటేసి, 2016 నుంచి మొదటి పదిలో ఉంటోంది.

ఇన్ని స్పెల్లింగులు రావడానికి కారణం అరబిక్ లిపిలో ఉంది. ఆ రాతలో హ్రస్వ అచ్చులు మామూలుగా రాయరు. మ, హ, మ, ద అని నాలుగు అక్షరాలు కనబడతాయి, రెండో మ ఒత్తి పలకాలి. మధ్యలో అచ్చులు నింపుకునేది చదివేవారి నాలుక. ప్రామాణిక అరబిక్‌లో హ్రస్వమైన ఒ, ఎ లేవు కనుక ముహమ్మద్ అంటారు. ఫారసీ, ఉర్దూ నోట అది మొహమ్మద్ అవుతుంది. హైదరాబాదులో వినబడేది ఆ పలుకే. పశ్చిమాఫ్రికాలోని సెనెగల్, గినీ, మాలీలలో మమదు. తుర్కులు ప్రవక్త మీది భక్తితో ముహమ్మద్ రూపాన్ని ఆయనకే ప్రత్యేకించి, తమ పిల్లలకు మెహ్మెత్ అని పెట్టుకున్నారు. 1453లో కాన్‌స్టాంటినోపుల్‌ను గెలిచిన సుల్తాను పేరూ అదే. ఇప్పటికీ తుర్కియే (టర్కీ)లో మామూలు సిపాయిని ముద్దుగా మెహ్మెత్‌చిక్ అంటారు. బ్రిటన్ కార్యాలయం ప్రతి స్పెల్లింగునూ వేరే పేరుగా లెక్కగడుతుంది. అన్నీ కలిపితే ఈ పేరు ఎన్నో ఏళ్ల కిందటే మొదటి స్థానంలో ఉండేదని అక్కడి పత్రికలు అప్పట్లోనే రాశాయి. కొత్త తరం తల్లిదండ్రులు అరబిక్‌కు దగ్గరగా ఉండే ముహమ్మద్ వైపు మొగ్గడం వల్ల ఇప్పుడు ఒక్క స్పెల్లింగే ఆ స్థానాన్ని తెచ్చుకుంది.

ఇదే పేరు కోసం మనుషులు దెబ్బలు తిన్న కాలాలున్నాయి. స్పెయిన్‌లోని చివరి ముస్లిం రాజ్యమైన గ్రనడా పడిపోయాక బలవంతంగా క్రైస్తవంలోకి మార్చిన ముస్లింల వారసులపై అక్కడి రాజు రెండో ఫిలిప్ 1567లో ఒక శాసనం రుద్దాడు. అరబిక్ మాట, వేషం, పేరు అన్నీ నిషేధం. మరుసటి ఏడాది చివర ఆల్పుహర్రా కొండల్లో తిరుగుబాటు లేచింది. దాని నాయకుడు అప్పటిదాకా ఫెర్నాండో దె వాలోర్. తిరుగుబాటు జెండా ఎత్తగానే ఆయన తీసుకున్న పేరు ముహమ్మద్ ఇబ్న్ ఉమయ్య. 1571 నాటికి తిరుగుబాటును అణచేశారు. 1609 నుంచి 1614 మధ్య సుమారు మూడు లక్షల మందిని దేశం నుంచే వెళ్లగొట్టారు.

అది పాతకాలపు మూర్ఖత్వం అనుకోవడానికి లేదు. 1984 చివర్లో బల్గేరియా కమ్యూనిస్టు ప్రభుత్వం తుర్కు మైనారిటీ పేర్లన్నీ మార్చే పని పెట్టుకుంది. సైన్యంతో ఊళ్లు చుట్టుముట్టి, కొన్ని నెలల్లోనే ఎనిమిది లక్షల మందికి పైగా బల్గేరియన్ పేర్లు అంటగట్టింది. మెహ్మెద్‌లూ అహ్మెద్‌లూ కాగితాల మీద నుంచి మాయమయ్యారు. ఎదురు తిరిగినవారిపై కాల్పులు జరిగాయి. 1989 వేసవిలో మూడు లక్షల మందికి పైగా సరిహద్దు దాటి తుర్కియేకు వెళ్లిపోయారు. ప్రభుత్వం పడిపోయాక, 1990 మార్చిలో, పాత పేర్లు తిరిగి తీసుకోవచ్చని చట్టం వచ్చింది.

అమెరికాలో ఇదే పేరు ఒక ఎంపికగా వెలిగింది. హెవీవెయిట్ బాక్సింగ్ కిరీటం గెలిచిన కొద్ది రోజులకే, 1964 మార్చిలో, కాషియస్ క్లే ముహమ్మద్ అలీ అయ్యారు. చాలామంది ఆ పేరుతో పిలవడానికి ఒప్పుకోలేదు. ప్రత్యర్థి ఎర్నీ టెరెల్ కూడా పాత పేరే పట్టుకుని వేలాడాడు. 1967 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో వారిద్దరూ తలపడినప్పుడు అలీ పదిహేను రౌండ్ల పాటు కొడుతూ, నా పేరేంటని అడుగుతూనే ఉన్నారు.

మన నేల మీద ఈ పేరు కొత్తది కాదు. 1591లో హైదరాబాదుకు పునాది వేసింది ముహమ్మద్ కులీ కుతుబ్‌షా. ఆయన తండ్రి ఇబ్రహీంను తెలుగు కవులు మల్కిభరాముడని తెలుగు చేసుకున్నారు. ముహమ్మద్‌కు అలాంటి తెలుగు రూపం రాలేదు కానీ రాతలో మహమ్మద్, మొహమ్మద్, మహ్మద్, ముహమ్మద్ నాలుగూ నడుస్తున్నాయి. తెలుగువారి నోట నిజంగా నిలిచింది మాత్రం ‘ఎండీ’. కోస్తా నుంచి తెలంగాణ దాకా బడి హాజరు పట్టీల్లో, ఓటర్ల జాబితాల్లో పేరు ముందు ఆ రెండక్షరాలే కనబడతాయి. కొందరికి అదే ఇంటిపేరు కూడా.

పొట్టి రూపం ఊళ్లో ఉన్నంతకాలం ఇబ్బంది పెట్టదు. గల్ఫ్‌కో, అమెరికాకో బయల్దేరినప్పుడే చిక్కు. పదో తరగతి మెమోలో ఎండీ, ఆధార్‌లో ఒక స్పెల్లింగు, పాస్‌పోర్టులో ఇంకొకటి ఉంటే ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్లు పెట్టుకుంటూ తిరగాలి. సాధారణంగా పేరు పెట్టేది బిడ్డ పుట్టిన ఏడో రోజు, అఖీఖా అనే వేడుక వేళ. జనన ధ్రువపత్రంలో ఆ పేరును పొట్టి చేయకుండా, తండ్రి పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగుతోనే రాయించి, బడిలో చేర్చేటప్పుడు అవే అక్షరాలు దిగాయో లేదో ఒకసారి సరిచూసుకుంటే చాలు.