పళ్ల డాక్టరుగారి రిజిస్టరు: కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను దంత వైద్యుణ్ణి కాను. పన్నెండేళ్లు దంత వైద్య సామగ్రి అమ్మాను. సిమెంటు డబ్బాలు, సూదులు, చేతి తొడుగులు మోటారు సైకిలు వెనక కట్టుకుని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం తిరిగాను. ఏ క్లినిక్కు నిలబడుతుందో, ఏది బాకీ తీర్చలేక చేతులెత్తేస్తుందో ఒక్కోసారి డాక్టరు కంటే ముందు నాకే తెలిసేది. ఇప్పుడు అమ్మకం మానేసి, క్లినిక్కు నడిపే విషయంలో డాక్టర్లకు సాయం చేస్తున్నాను. బి.డి.ఎస్. చదువులో పన్ను గురించి చెప్పినంత వివరంగా అద్దె గురించి చెప్పరు. అందుకే ఈ అపోహలు.

అపోహ: క్లినిక్కు పెరగాలంటే కొత్త రోగులు రావాలి.

దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, నేను చూసిన నష్టంలో పెద్ద వాటా దీనిదే కాబట్టి.

మహేంద్రతనయ నదికి ఇటు ఒడిశాలోని పర్లాకిమిడి, అటు ఆంధ్రలోని పాతపట్నం. రెండు ఒడ్డుల నుంచీ రోగులు వచ్చే క్లినిక్కు ఒకటుంది. అక్కడి డాక్టరమ్మ నన్ను పిలిచి, "కొత్తవాళ్లు రావడం లేదండీ, ఫేస్‌బుక్‌లో ప్రకటన వేద్దామా?" అని అడిగారు. "ముందు రిజిస్టరు చూద్దాం మేడమ్" అన్నాను. మూడు నెలల పేజీలు తిరగేశాం. రూట్ కెనాల్ మొదలుపెట్టించుకుని మళ్లీ రానివారి పేరు కింద ఎర్ర గీత గీశాం. మొదటి నెల పూర్తి కాకముందే లెక్కకు రెండు చేతుల వేళ్లు చాలలేదు. రూట్ కెనాల్ పూర్తయ్యాక క్యాప్ వేయించుకోనివారు వేరే. డాక్టరమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఎందుకు రారు? నొప్పి పోయింది కాబట్టి. మొదటిరోజు పన్ను లోపలి నరం తీసి, మందు పెట్టి, పైన తాత్కాలిక సిమెంటుతో మూసి పంపుతారు. ఆ రాత్రి కంటినిండా నిద్ర పడుతుంది. ఇక రోగం కుదిరిందనే రోగి అనుకుంటాడు. కొన్ని వారాలకు సిమెంటు అరిగి, ఉమ్మి లోపలికి దిగి, మళ్లీ చీము పడుతుంది. లేదా అన్నంలో రాయి తగిలి పన్ను నిలువునా చీలుతుంది. అప్పుడు ఇంకెక్కడో పీకించుకుని "ఆ డాక్టరు దగ్గర నయం కాలేదు" అంటాడు. ఆ మాట అనే హక్కు అతనికి లేదని నేను అనను, ఎందుకు రావాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి ఎర్ర గీతలన్నిటికీ ఫోన్లు చేసింది. ఒకామె "నొప్పి తగ్గిపోయింది కదమ్మా, మళ్లీ ఎందుకు?" అంది. "ఇల్లు కడిగి శుభ్రం చేశాం పిన్నీ, పైకప్పు ఇంకా వేయలేదు, వాన వస్తే ఎలా?" అంది అమ్మాయి. అది నేను నేర్పిన మాట కాదు. ఇప్పుడు నేనే ఆ మాట మిగతా క్లినిక్కులకు నేర్పుతున్నాను.

"గురువారం పదకొండింటికి రండి" అనడం కూడా చాలదు. కొండ ఊళ్ల నుంచి వచ్చేవారిని సంత రోజున రమ్మనాలి, ఆఖరి బస్సు అందేలా వదలాలి. వరికోతల్లో ఎవరూ రెండోసారి రారు. ఆ రోజుల్లో పన్ను వీలిస్తే ఒకే సిట్టింగులో ముగించడం మేలు. వీలిస్తుందా లేదా అన్నది డాక్టరు నిర్ణయం, నాది కాదు.

అపోహ: ధర తగ్గిస్తే జనం వస్తారు.

వస్తారు. వచ్చాక ఏమవుతుందో లెక్క వేద్దాం. అద్దె, సహాయకురాలి జీతం, కరెంటు, కుర్చీ కొన్న అప్పు వాయిదా కలిపి నెలకు 60,000 రూపాయలు అనుకోండి. 25 రోజులు, రోజుకు 6 గంటలు పని చేస్తే 150 గంటలు. అంటే కుర్చీ గంటకు 400 తింటుంది. పన్ను తీయడానికి 300 తీసుకుని అరగంట పని చేస్తే అందులో 200 కుర్చీకే పోతుంది. మత్తు మందు, సూది, తొడుగులు, దూది, పరికరాల శుద్ధి కలిపి 80 వేసుకోండి. మిగిలింది 20. డాక్టరుగారి శ్రమకు ఇంకా కూలి కట్టనే లేదు. పక్క వీధిలో 250కి చేస్తున్నారని మీరు 200కి దిగితే, ఒక్కో పన్నుకు 80 మీరే ఎదురు కట్టినట్టు.

ఖాళీగా కూర్చునే కన్నా ఎంతో కొంత నయం కదా అంటారు. ఒక పూటకు నిజమే. కానీ ఊళ్లో ఒకసారి "200 డాక్టరు" అని పేరు పడితే ఆ అంకెను పైకి లాగడం పన్ను లాగడం కంటే కష్టం.

అపోహ: మందుల షాపులకు, ఆర్.ఎం.పి.లకు కమిషన్ ఇవ్వకపోతే రోగులు రారు.

రోగిని పంపినందుకు కమిషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం 2014 నాటి దంత వైద్యుల నైతిక నియమావళి ప్రకారం తప్పు. దీని మీద ఇంతకంటే చర్చ అనవసరం.

అపోహ: ఖరీదైన యంత్రం కొంటే పేరు వస్తుంది.

యంత్రాలు అమ్మిన నోటితోనే చెబుతున్నాను: గుడ్డ కప్పి మూలన నిలబెట్టిన లేజర్ యంత్రాలు నేను చూశాను. రోగి చూసేది వేరు. ఆటోక్లేవులో 121 డిగ్రీల ఆవిరికి మగ్గిన పరికరాల సంచిని అతని కళ్ల ముందు చింపండి. వేడి తగిలిందని తెలిపేలా సంచి మీద రంగు మారిన గుర్తు చూపించండి. ఒక క్లినిక్కులో ఒక తాత ఆ చిరిగిన సంచిని అడిగి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఇంట్లో చూపించడానికట.

అపోహ: పెద్దాసుపత్రికి పంపితే రోగి చేజారినట్టే.

శ్రీకాకుళం నుంచి గంజాం దాకా పెద్ద వయసు ఆడవాళ్లలో అడ్డపొగ ఇంకా కనిపిస్తుంది. చుట్ట నిప్పు కొన నోట్లో ఉంచుకుని పీలుస్తారు. ఆ వేడీ పొగా నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి తెల్లగా మొద్దుబారి, మధ్యమధ్య ఎర్రటి చుక్కలు తేలతాయి. అది క్యాన్సర్‌కు దారి తీయవచ్చు.

పై వరుస కట్టుడు పళ్లకు వచ్చిన ఒక ముసలమ్మను డాక్టరుగారు తల వెనక్కి వాల్చమని, దీపం అంగిలి మీదికి తిప్పారు. కలిపి పెట్టుకున్న అచ్చు పదార్థం గిన్నె పక్కన పెట్టేసి, ముక్క పరీక్ష (బయాప్సీ) చేయించమని బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి చీటీ రాశారు. ఆ రోజు ఆదాయం సున్నా, పైగా గిన్నెలో అచ్చు గట్టిపడి పోయింది. మరుసటి నెల ఆమె కోడలు పిప్పి పన్నుతో వచ్చి, గుమ్మంలోనే "మా అత్తగారి అంగిలి చూసింది మీరేనా?" అని అడిగింది.

అపోహ: తెలుగువాళ్లకు తెలుగులో రాసిస్తే చాలు.

ఇది నా తప్పు కూడా. పన్ను తీశాక పాటించాల్సిన జాగ్రత్తలన్నీ చక్కని తెలుగులో అచ్చు వేయించాను: దూది అరగంట కొరికి పట్టండి, ఉమ్మవద్దు, ఈ రోజు చుట్ట కాల్చవద్దు. పర్లాకిమిడి తెలుగాయన ఒకరు ఆ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, ఎదురుగా ఉన్న మందుల షాపుకు పట్టుకెళ్లి చదివించుకున్నారు. ఆయన ఇంట్లో మాట్లాడేది తెలుగే, బడిలో నేర్చిన అక్షరాలు ఒడియావి. 1936లో ఒడిశా ఏర్పడి సరిహద్దు గీత పడ్డాక ఇటువైపు పెరిగిన తరాల్లో ఇలాంటివారు చాలామంది. ఏరు దాటి వచ్చే పాతపట్నం వారికేమో ఒడియా అక్షరం తెలియదు. కొండ మీది సవర గిరిజనుల్లో పెద్దలకు రెండూ కష్టమే.

ఇప్పుడు కార్డుకు ఒక పక్క తెలుగు, మరో పక్క ఒడియా. మధ్యలో గీత కొట్టిన చుట్ట బొమ్మ, గీత కొట్టిన గుడాకు (పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద) డబ్బా బొమ్మ. అడుగున మళ్లీ రావలసిన తేదీ, పెద్ద అంకెల్లో, ఎర్ర సిరాతో.