సీ డ్రైవ్‌లో చోటంతా ఎవరు తిన్నారు?

మా పిన్ని కొడుకు ఆదివారం పొద్దున్నే లాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగాడు. "అన్నయ్యా, సీ డ్రైవ్ గీత ఎర్రగా అయిపోయింది. అక్క పెళ్లి ఫోటోలు కూడా తీసేశాను. అయినా ఆ గీత ఇసుమంత కూడా తగ్గలేదు" అన్నాడు. మూడు జీబీల ఫోటోలు. ఇంకెక్కడైనా కాపీ ఉందా అని అడిగితే నోరు మెదపలేదు.

డ్రైవ్ నిండిందని ఎర్ర గీత చెబుతుంది గానీ, దేనితో నిండిందో చెప్పదు. విండోస్ ప్రతి ఫైల్ సైజునూ రాసి పెట్టుకుంటుంది, ఫోల్డర్ సైజును మాత్రం ఎక్కడా రాసుకోదు. అనుమానముంటే పెద్ద ఫోల్డర్ ఒకదాని మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరవండి. అంకె పెట్రోల్ బంకు మీటర్‌లా గిర్రున పెరుగుతూ పోతుంది. లోపలున్న ఫైళ్లను అప్పటికప్పుడు ఒక్కొక్కటిగా కూడుతోందన్నమాట.

అదే కిటికీలో సైజ్ అని ఒకటి, సైజ్ ఆన్ డిస్క్ అని ఒకటి, రెండు అంకెలు కనిపిస్తాయి. డిస్క్‌లో చోటును క్లస్టర్లనే గళ్లుగా విడగొట్టి ఇస్తారు. బ్యాంకు లాకర్ లాంటిదే ఇదీ. ఒక్క ఉంగరం పెట్టినా లాకరంతా మీదే, మిగిలిన చోటు ఇంకొకరికి పనికిరాదు. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో మామూలుగా గడికి 4 కేబీ. 5 కేబీల ఫైల్‌కు రెండు గళ్లు, అంటే 8 కేబీలు పోతాయి. 64 జీబీ పెన్ డ్రైవ్‌ను ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతిలో ఫార్మాట్ చేస్తే ఆ గడి 128 కేబీలు అవుతుంది. అందులోకి పదివేల చిట్టి ఫైళ్లు కాపీ చేసి చూడండి, అసలు సరుకు ఎంత తక్కువైనా 1.2 జీబీ దాకా ఖర్చయిపోతుంది.

ఇక 256 జీబీ అని కొన్న డ్రైవ్ 238గా కనబడటంలో మోసమేమీ లేదు. తయారుచేసేవాళ్లు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. 1 టీబీ డ్రైవ్ 931 జీబీగా కనిపించేది కూడా అందుకే.

సరే, మావాడి చోటు ఎక్కడ పోయింది? ఈ ప్రశ్నే 1990లో అమెరికాలోని మేరీల్యాండ్ విశ్వవిద్యాలయంలో బెన్ ష్నైడర్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తకు ఎదురైంది. వాళ్ల ల్యాబ్‌లో 80 ఎంబీల హార్డ్ డిస్క్‌ను 14 మంది పంచుకునేవాళ్లు. ఈరోజు ఫోన్‌లో ఒక్క నిమిషం తీసిన 4కే వీడియో కూడా అందులో పట్టదు. డిస్క్ నిండిపోయేది, ఎవరి ఫైళ్లతో నిండిందో తేలేది కాదు. జాబితా తీస్తే పేజీలకు పేజీలు. అందుకని ఆయన జాబితా వదిలేసి బొమ్మ గీయాలనుకున్నాడు. తెర మొత్తం డిస్క్ అనుకోండి. పైస్థాయి ఫోల్డర్ల సైజును బట్టి దాన్ని నిలువుగా కోయాలి. ఒక్కో ముక్కను లోపలి ఫోల్డర్లను బట్టి అడ్డంగా కోయాలి. మళ్లీ నిలువు, మళ్లీ అడ్డం, ఒక్కో ఫైల్ మిగిలేదాకా. అన్నదమ్ములు పొలం పంచుకున్నట్టే, ఎవరి వాటా ఎంతో విస్తీర్ణం చూస్తే తెలిసిపోతుంది. దీనికి ట్రీమ్యాప్ అని పేరు.

ఒక్కటే చిక్కు. కోసినకొద్దీ ముక్కలు సేమియా పుల్లల్లా సన్నబడిపోయేవి. పుల్లకూ పుల్లకూ తేడా కంటికి ఏం ఆనుతుంది? 2000 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లోని ఐంధోవెన్ పరిశోధకులు, ముక్కలు వీలైనంత చదరంగా వచ్చేలా కోసే పద్ధతి కనిపెట్టారు. నా దృష్టిలో దాంతోనే ఈ బొమ్మ మామూలు జనానికి పనికొచ్చేదైంది. విన్‌డిర్‌స్టాట్ లాంటి ఉచిత ప్రోగ్రాములు ఇలాంటి బొమ్మే చూపిస్తాయి.

మావాడి లాప్‌టాప్‌లో అదే నడిపాను. రెండు మూడు నిమిషాల్లో రంగురంగుల గచ్చులా తెర నిండింది. అందులో నాలుగో వంతు ఒకే ఫోల్డర్‌ది, 61 జీబీలు. యాప్‌డేటా అనే కంటికి కనబడని ఫోల్డర్ లోపల, వాడు ఎప్పుడో అమ్మేసిన ఫోన్ తాలూకు బ్యాకప్!

దాని పక్కన ఆరు జీబీల పైచిలుకు ఒంటి దిమ్మ, హైబర్‌ఫిల్.సిస్. లాప్‌టాప్‌ను హైబర్నేట్ చేసినప్పుడు, అంటే తెరిచిన పనులు తెరిచినట్టే ఉంచి కరెంటు ఆపేసినప్పుడు, ర్యామ్‌లో (నడుస్తున్న పనులుండే తాత్కాలిక చోటు) ఉన్నదంతా కుదించుకుని ఇందులోకి దిగుతుంది. అందుకని విండోస్ 10లో మామూలుగా ర్యామ్‌లో 40 శాతం చోటు ముందే పట్టి ఉంచుతారు. మావాడిది 16 జీబీ ర్యామ్. ఈ ఫైల్‌ను చేత్తో తీసేయకూడదు, హైబర్నేషన్ ఆపేస్తే అదే పోతుంది. విండోస్ ఫోల్డర్‌లో, విండోస్ తన సొంత భాగాలు దాచుకునే విన్‌ఎస్ఎక్స్ఎస్ జోలికి కూడా పోవద్దు. అందులో చాలా ఫైళ్లు ఒకటే ఉండి రెండు పేర్లతో కనిపిస్తాయి. ఎక్స్‌ప్లోరర్ వాటిని రెండుసార్లు లెక్కేస్తుంది కాబట్టి అది ఉన్నదానికంటే లావుగా కనబడుతుంది.

కింద మూలన ఇంకో చిన్న ముక్క, మూడు జీబీలు. దాని మీద క్లిక్ చేస్తే రీసైకిల్ బిన్ అని వచ్చింది. డిలీట్ నొక్కినంత మాత్రాన ఫైల్ డిస్క్ వదిలిపోదు. అదే డ్రైవ్‌లో రీసైకిల్ బిన్ ఫోల్డర్ కిందికి మారుతుంది, అంతే. గీత తగ్గకపోవడానికి కారణం అదే. రిస్టోర్ నొక్కాను. పెళ్లి ఫోటోలన్నీ వరసగా వచ్చేశాయి.

"ఇక ఆ బ్యాకప్ తీసేయనా?" అన్నాను. వాడు కాసేపు తెర వంక చూసి, "పాత మెసేజ్‌లన్నీ అందులోనే ఉన్నాయన్నయ్యా, వచ్చే ఆదివారం చూద్దాం" అని లాప్‌టాప్ మూసేశాడు.