నొప్పి తెలియని పిల్లాడు, నొప్పి తగ్గించే మందు

ఉత్తర పాకిస్తాన్‌లో ఓ పిల్లాడు వీధి ప్రదర్శనల్లో చేతుల్లోకి కత్తులు గుచ్చుకునేవాడు, నిప్పుల మీద నడిచేవాడు. నొప్పి అంటే ఏమిటో వాడికి పుట్టుక నుంచీ తెలియదు. ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. పద్నాలుగేళ్లు నిండేసరికి వాడు బతికి లేడు. నొప్పి మనల్ని ఎంతగా కాపాడుతుందో ఆ చిన్న జీవితం చెబుతుంది.

అలాంటి పిల్లలున్న మూడు కుటుంబాల్లో పాడైన జన్యువును 2006లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్త జెఫ్రీ వుడ్స్ బృందం పట్టుకుంది. అది నావ్ 1.7 అనే సోడియం చానెల్‌ను తయారుచేసే జన్యువు. నాడీకణం పొరలో ఉండే ఈ చానెల్ తెరుచుకుంటే సోడియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి, నొప్పి సంకేతం ముందుకు సాగుతుంది. చానెల్ పనిచేయకపోతే సంకేతం అక్కడే ఆగిపోతుంది.

మరి దాన్ని మందుతో మూసేస్తే చాలు కదా? కంపెనీలన్నీ అలాగే అనుకున్నాయి. కానీ మన ఒంట్లో సోడియం చానెళ్లు తొమ్మిది రకాలు, అన్నీ దాదాపు ఒకే పోలిక. వాటిలో నావ్ 1.5 గుండెను కొట్టుకునేలా చేస్తుంది. పళ్ల డాక్టర్ మొద్దుబార్చడానికి ఇచ్చే లిగ్నోకైన్ వీటిలో తేడా చూడదు, అందుకే అది చిగుళ్ల వరకే ఉండాలి. నావ్ 1.7ను మాత్రమే ఆపే మందులూ తయారయ్యాయి, కానీ రోగుల్లో పెద్దగా పనిచేయలేదు. ఎందుకో 2015లో కొంత తెలిసింది. ఈ చానెల్ లేకుండా పుట్టినవాళ్ల ఒంట్లో సహజమైన నొప్పి నివారిణులు కూడా ఎక్కువగా పనిచేస్తున్నాయట. వాటికి అడ్డుపడే నలాక్సోన్ ఇస్తే, అలా పుట్టిన ఒక మహిళకు నొప్పి తెలిసింది! పెద్దయ్యాక వేసుకునే మందుకు ఆ తోడు దొరకదు.

దాంతో చూపు నావ్ 1.8 వైపు మళ్లింది. అది ముఖ్యంగా నొప్పిని మోసే నరాల్లో ఉంటుంది, మెదడులో దాదాపు ఉండదు. వెర్టెక్స్ కంపెనీ చేసిన సుజెట్రిజిన్ అనే మందు ఈ చానెల్ రంధ్రానికి అడ్డుపడదు. ఎప్పుడు తెరుచుకోవాలో తెలియడానికి వోల్టేజీని పసిగట్టే భాగానికి అతుక్కుని, చానెల్‌ను మూసుకున్న స్థితిలోనే ఉంచుతుంది. అమెరికాలో 2025 జనవరి 30న దీనికి అనుమతి వచ్చింది, అదీ తాత్కాలిక నొప్పులకే. ఆపరేషన్ తర్వాతి నొప్పిని మందు లేని ఉత్తుత్తి మాత్ర కన్నా బాగా తగ్గించింది, కానీ ఓపియాయిడ్ (నల్లమందు తరహా మందు) కలిసిన మాత్రను మించలేదు. అయినా వ్యసనం భయం లేకుండా ఆ మాత్రం ఉపశమనం దొరకడం నా దృష్టిలో చాలా పెద్ద విషయం. నడుము నుంచి కాల్లోకి పాకే సయాటికా నొప్పి మీద చేసిన ట్రయల్‌లో మాత్రం ఉత్తుత్తి మాత్రకీ దీనికీ తేడా కనిపించలేదు.

షుగర్ వల్ల అరికాళ్లు మండి రాత్రుళ్లు నిద్రపట్టని వాళ్లకు ఇప్పుడిచ్చే ప్రెగాబాలిన్‌తో మగతా, తలతిరుగుడూ వస్తాయి, అందరికీ గుణమూ కనిపించదు. వాళ్ల కోసం సుజెట్రిజిన్ మీద పెద్ద ట్రయల్స్ మొదలయ్యాయి. నేను ఎక్కువగా ఎదురుచూసేది ఆ ఫలితాల కోసమే.