క్లౌడ్‌లో బిజినెస్ బ్లాక్‌చైన్: అపోహలు - వాస్తవాలు

బ్లాక్‌చైన్ అంటే పలు సంస్థలు కలిసి రాసుకునే, రాసింది చెరపలేని ఉమ్మడి లెక్కల పుస్తకం (లెడ్జర్). తిరుపతిలో కూర్చుని నేను చేసే పని క్లౌడ్‌లో, అంటే అద్దె సర్వర్లలో, పర్మిషన్డ్ బ్లాక్‌చైన్ నెట్‌వర్క్‌లు పెట్టడం. ఎవరు పడితే వాళ్లు చేరేది కాదు. గుర్తింపు సర్టిఫికెట్ పొందిన సంస్థలే అందులో చదవగలవు, రాయగలవు. వాడేది హైపర్‌లెడ్జర్ ఫ్యాబ్రిక్ అనే సాఫ్ట్‌వేర్. చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీ, ఎగుమతిదారులు కలిసి సరుకు లెక్కలకు పెట్టుకున్న నెట్‌వర్క్ ఒకటి నా చేతి మీదుగా నడుస్తోంది. ఏ మీటింగ్‌కి వెళ్లినా అవే మాటలు వినిపిస్తుంటాయి.

అపోహ: బ్లాక్‌చైన్ అంటే బిట్‌కాయిన్. కరెంటు బిల్లు తడిసి మోపెడవుతుంది.

వాస్తవం: ఫ్యాబ్రిక్‌లో మైనింగ్ (బిట్‌కాయిన్‌లో కరెంటు తాగే లెక్కల పోటీ) లేదు, కాయిన్ లేదు. మామూలు సర్వర్లే.

అపోహ: క్లౌడ్‌లో బటన్ నొక్కితే గంటలో నెట్‌వర్క్ రెడీ.

వాస్తవం: సర్వర్లు గంటలో లేస్తాయి, కాదనను. కొత్త ఫ్యాక్టరీ చేరాలంటే ఎంతమంది ఒప్పుకోవాలి, ఒక ఎంట్రీ చెల్లాలంటే ఎవరెవరి సంతకం పడాలి, బిల్లు ఎవరు కట్టాలి? ఇవి ఏ బటన్‌తోనూ తేలవు. మా మామిడి నెట్‌వర్క్‌కి సర్వర్ల పని రెండు రోజులు, ఒప్పందానికి ఒక సీజన్ మొత్తం పట్టింది. ఓడ సరుకు కోసం షిప్పింగ్ కంపెనీ మేర్స్క్, ఐబీఎం కలిసి నడిపిన ట్రేడ్‌లెన్స్ అనే బ్లాక్‌చైన్ వేదికని ఆపేస్తున్నట్టు 2022 నవంబర్‌లో ప్రకటించారు. పరిశ్రమ అంతా కలిసి రాలేదన్నది వాళ్లు చెప్పిన కారణం. అంత పెద్దవాళ్లకే పొత్తు కుదరలేదు.

బటన్ సేవలనే నమ్ముకుంటే ఇంకో చిక్కు. మైక్రోసాఫ్ట్ తన అజూర్ బ్లాక్‌చైన్ సర్వీస్‌ని 2021 సెప్టెంబర్ 10న మూసేసింది. వాడుతున్నవాళ్లు సామాను సర్దుకోవాల్సి వచ్చింది. అందుకే నేను ఏ క్లౌడ్‌లోనైనా నడిచే కుబెర్నెటీస్ అనే సాఫ్ట్‌వేర్ మీదే పెడతాను. ఇల్లు మారినా మూట కట్టుకుని పోవచ్చు.

అపోహ: అన్నీ ఒకే క్లౌడ్ అకౌంట్‌లో ఉంటే చూసుకోవడం తేలిక.

వాస్తవం: తేలికే. కానీ అకౌంట్ పాస్‌వర్డ్, అందరి ప్రైవేట్ కీలు (సంతకానికి వాడే రహస్య సంకేతాలు) ఒకరి చేతిలో ఉంటే ఇక బ్లాక్‌చైన్ దేనికి? మంచి డేటాబేస్ చాలు, ఖర్చూ తక్కువ. ఆ మధ్య పూతలపట్టు దగ్గర ఒకాయన పిలిస్తే వెళ్లాను. కాయలు కొనే ర్యాంపు ఆయనదే, ఫ్యాక్టరీ ఆయనదే, కోల్డ్ స్టోరేజీ వాళ్ల బావమరిదిది. పోస్ట్‌గ్రెస్ అనే మామూలు డేటాబేస్ పెట్టించి వచ్చేశాను. ఆయన ముఖం కాస్త చిన్నబోయింది.

నిజంగా నలుగురు వేర్వేరు యజమానులు ఉన్నప్పుడు ఎవరి పీర్ (లెడ్జర్ కాపీ ఉంచే సర్వర్), ఎవరి సర్టిఫికెట్ అథారిటీ (గుర్తింపు సర్టిఫికెట్లు ఇచ్చేది, సీఏ) వాళ్ల అకౌంట్‌లోనే ఉండాలి. బ్లాకుల వరుస కట్టే ఆర్డరర్లనూ పంచుకోవాలి. సగానికి పైగా నడిస్తే చాలనే రాఫ్ట్ పద్ధతిలో అయిదు ఆర్డరర్లుంటే రెండు పడిపోయినా పని ఆగదు. అయిదింటిలో మూడు ఒకే అకౌంట్‌లో ఉంటే మాత్రం ఆ ఒక్కరు బిల్లు కట్టని రోజు అందరికీ సెలవే.

అపోహ: లెడ్జర్ అంటే అందరికీ అన్నీ కనిపిస్తాయి.

వాస్తవం: "ఏం సామీ, నేనిచ్చే రేటు పక్క ఫ్యాక్టరీవాడికి కూడా కనపడతాదా?" అని అడిగారొకరు. న్యాయమైన భయం. ఫ్యాబ్రిక్‌లో ప్రైవేట్ డేటా అని ఉంటుంది: రేటు కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు ఇద్దరి పీర్లలోనే ఉంటుంది, ఉమ్మడి లెడ్జర్‌కి దాని హ్యాష్ (దాన్నుంచి లెక్కకట్టిన వేలిముద్ర లాంటి సంకేతం) మాత్రమే వెళుతుంది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. నేనూ మొదట ఆగిపోయాను. తోతాపురి కిలో రేటు ఎంత ఉంటుందో జిల్లాలో ఎవరికి తెలీదు? ఐదు రూపాయల నుంచి ముప్పై దాకా పైసా పైసా పెంచుతూ పోయినా మూడు వేల అంకెలు కూడా ఉండవు. అన్నింటికీ హ్యాష్ కట్టి లెడ్జర్‌తో పోల్చి చూస్తే గుట్టు రట్టు కావడానికి ఒక్క క్షణం చాలు. కాబట్టి రేటుతో పాటు ప్రతి లావాదేవీకీ ఊహించడానికి వీల్లేని ఒక పొడవాటి సంఖ్యను కలపాలి. దాన్ని సాల్ట్ అంటారు. ఉప్పు మరిస్తే ఊరగాయ చెడినట్టే ఇక్కడా.

అపోహ: బ్లాక్‌చైన్‌లో ఉందంటే నిజమే.

వాస్తవం: కాటా దగ్గర తూకం తప్పు పడితే, ఆ తప్పు భద్రంగా శాశ్వతంగా ఉంటుంది. అంతే. అందుకే తూకాన్ని ఫ్యాక్టరీ ఒక్కటే రాస్తే చెల్లకుండా, రైతు సంఘం పీర్ కూడా ఆమోదించాలని నిబంధన పెట్టాం. వే బ్రిడ్జి నుంచి అంకె నేరుగా సిస్టమ్‌లోకి వచ్చేలా వైరు కూడా లాగాం.

అపోహ: ఒకసారి పెడితే దాని పాటికి అది నడుస్తుంది.

వాస్తవం: ఇది నా నెత్తి మీదికొచ్చిన కథ. నిరుడు జూన్, రాత్రి పదకొండు. ఫ్యాక్టరీ గేటు బయట ట్రాక్టర్ల వరుస, లోపల ఒక్క ఎంట్రీ పడట్లేదు. లాగ్ తెరిస్తే సర్టిఫికెట్ గడువు తీరిందన్న లైను వందలసార్లు. ఫ్యాబ్రిక్ సీఏ ఇచ్చే సర్టిఫికెట్‌కి డిఫాల్ట్ గడువు ఏడాది. అయిదు ఆర్డరర్లకూ ఒకే రోజు తీసుకున్నాను, అయిదూ ఒకే రోజు చచ్చాయి. ఆర్డరర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టడానికి వాడే టీఎల్‌ఎస్ సర్టిఫికెట్లు ఛానెల్ కాన్ఫిగరేషన్‌లో, అంటే లెడ్జర్‌లోనే ఉండే నెట్‌వర్క్ సెట్టింగుల్లో, నమోదై ఉంటాయి. కొత్తవి ఎక్కించాలంటే ఆర్డరర్లు నడవాలి. నడవాలంటే కొత్తవి ఎక్కాలి. చెట్టు ముందా, విత్తు ముందా? చివరికి ఆర్డరర్‌లో హ్యాండ్‌షేక్ (ఒకదానితో ఒకటి కలిసేటప్పుడు సర్టిఫికెట్ చూసుకోవడం) సమయాన్ని వెనక్కి జరిపి చూపించే సెట్టింగ్ ఒకటుంటే, దాంతో లేపి ఒక్కొక్కటిగా మార్చాం. తెల్లవారేదాకా కాటా చీటీలు చేత్తోనే రాశారు. ఇప్పుడు గడువులన్నీ వేర్వేరు నెలల్లో ఉన్నాయి, అరవై రోజుల ముందే ఫోన్ మోగుతుంది. సీజన్‌లో ఏదీ ముగియదు.

అపోహ: రైతు ఆధార్, బ్యాంకు వివరాలు కూడా లెడ్జర్‌లో పెడితే ఇంకా గట్టి.

వాస్తవం: వద్దు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం తన డేటా తీసేయమని అడిగే హక్కు మనిషికి ఉంది, బ్లాకులో పడింది తీయడం కుదరదు. లెడ్జర్‌లో ఒక కోడ్ నంబరు రాసి, అది ఎవరిదన్న వివరం బయట మామూలు డేటాబేస్‌లో ఉంచండి. ఆ రైతు అడిగిన రోజు అక్కడి వరుస చెరిపేస్తే సరిపోతుంది.