ప్లగిన్ కొంటే పాట బాగుపడుతుందా? మిక్సింగ్‌లో అపోహలు - వాస్తవాలు

"అన్నా, వోకల్‌కి ఏ ప్లగిన్ వేయాలి?" బోనాల పాటల సీజన్ మొదలైందంటే నాకు రోజుకు రెండు ఫోన్లైనా ఇవే. ప్లగిన్ అంటే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో సౌండ్ మార్చడానికి తగిలించే చిన్న ప్రోగ్రామ్; మిక్సింగ్ అంటే విడివిడిగా రికార్డ్ చేసిన గొంతు, వాయిద్యాలను కలిపి పాటగా కూర్చడం. బ్యాలెన్స్, అంటే ఏది ఎంత వినిపించాలో, ఎలా పెట్టాలన్నా అని అడిగినవాడు ఇప్పటిదాకా ఒక్కడూ లేడు.

అపోహ: ఖరీదైన ప్లగిన్లు ఉంటేనే మిక్స్ నిలబడుతుంది.

మొన్న ఓ తమ్ముడు ల్యాప్‌టాప్ పట్టుకొని వచ్చాడు. జానపద పాట. అప్పు చేసి మరీ ప్లగిన్ల బండిల్ కొన్నాడు. ఒక్క వోకల్ మీదే ఏడున్నాయి. "ఇది ఆన్ చేస్తే గొంతు ఎంత ఓపెన్ అవుతుందో వినన్నా" అన్నాడు. నిజమే, బాగుంది. మీటర్ చూడమన్నాను. సౌండ్ దాదాపు 2 డీబీ (డెసిబెల్స్) పెరిగింది. ఔట్‌పుట్ అంతే తగ్గించి, కళ్లు మూసుకోమని, ప్లగిన్‌ని ఆన్, ఆఫ్ చేసే బైపాస్ నొక్కుతూ పోయాను. ఏది ఆన్, ఏది ఆఫ్ చెప్పలేకపోయాడు. రెండుసార్లు "ఇదే బాగుంది" అన్నది ఆఫ్‌లో ఉన్నప్పుడే. పాపం, ముఖం చిన్నబోయింది.

వాడి తప్పేం లేదు, మన చెవి తీరే అంత. సౌండ్ పెరిగేకొద్దీ కింద బేస్, పైన ట్రెబుల్ నిండుగా వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి చూపించారు. ఆన్ చేయగానే లెవెల్ కాస్త పెంచే ప్లగిన్లు బోలెడు. పెరిగిన సౌండ్‌ని మనం క్వాలిటీ అనుకుంటాం.

ఆ ఏడూ తీసేశాం. ఫేడర్లన్నీ (ఒక్కోదాని సౌండ్ పెంచే, తగ్గించే మీటలు) కిందికి దించి, ముందు గొంతు, తర్వాత డప్పు, ఆ తర్వాతే బేస్. మానిటర్ సౌండ్ బాగా తగ్గించి, మోనోలో, అంటే రెండు వైపులా ఒకే సౌండ్ వచ్చేలా విన్నాం. డప్పు దెబ్బ పడ్డ ప్రతిచోటా మాట మింగేస్తోంది. డప్పు 3 డీబీ దించాం, దాని మిడ్‌లో (బేస్‌కీ ట్రెబుల్‌కీ మధ్య భాగం) కొంచెం కోశాం. అదీ సాఫ్ట్‌వేర్‌తో ఉచితంగా వచ్చిన ఈక్యూతోనే (బేస్, మిడ్, ట్రెబుల్‌ని విడిగా పెంచే, తగ్గించే ప్లగిన్). అరగంటలో ఫోన్ స్పీకర్‌లో ప్రతి మాటా తెలిసింది.

నవ్వుకోవడానికి నాకు హక్కు లేదులెండి. నేను మిక్స్ చేసిన తొలి పాట విని, పాడిన పెద్దమ్మ "నా గొంతు డబ్బాల పెట్టినట్టుంది బిడ్డా" అంది. నేనేమో అది ప్రొఫెషనల్ సౌండ్ అనుకున్నాను!

అపోహ: ఎంత లౌడ్‌గా ఉంటే అంత మంచి మిక్స్. స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటని సుమారు మైనస్ 14 లఫ్స్‌కి (పాట ఎంత లౌడ్‌గా వినిపిస్తుందో చెప్పే కొలత) తెస్తుంది. సౌండ్ ఒక హద్దు దాటకుండా నొక్కి పట్టే లిమిటర్‌తో పిండి పిండి లౌడ్ చేసింది అక్కడ తగ్గిపోతుంది, నలిగిన డప్పు మాత్రం నలిగినట్టే ఉంటుంది.

అపోహ: మిగతాది మాస్టరింగ్‌లో (మిక్స్ అయ్యాక పాటకి చేసే చివరి మెరుగు) చూసుకోవచ్చు. అన్నీ కలిసిపోయి గొంతు మునిగిపోయిన స్టీరియో ఫైల్ పంపితే ఎవరూ పూర్తిగా పైకి లాగలేరు. మిక్స్ తెరిచి ఫేడర్ పెంచితే రెండు నిమిషాల పని.

అపోహ: హెడ్‌ఫోన్స్‌లో మిక్స్ చేయకూడదు. చేయండి. గోడలకి ప్రతిధ్వని తగ్గించే ట్రీట్‌మెంట్ లేని చిన్న గదిలో స్పీకర్ల బేస్ కన్నా అదే నయం. యమహా ఎన్ఎస్-10 కూడా 1978లో ఇళ్ల కోసం వచ్చిన స్పీకరే, తర్వాత చాలా స్టూడియోల్లో అదే కనిపించేది. దాని స్వభావం ఇంజనీర్లకి అలవాటైంది, అంతే. మీ హెడ్‌ఫోన్స్‌లో కూడా మీకు బాగా తెలిసిన నాలుగు పాటలు పదేపదే వినండి, వాటిలో బేస్ ఎంత ఉందో చెవికి పట్టేదాకా.

ఆ తమ్ముడు వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి అడిగాడు: "మరి ఆ బండిల్ ఏం చేయాలన్నా?" ముందు ఈఎంఐ కట్టెయ్యి అన్నాను.