పల్లె ఇంటి పూలతోట: అపోహలు - వాస్తవాలు

పూలు, కూరగాయలు, తీగలు, సువాసన మొక్కలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పెరిగే ఇంటితోటల్ని చూసుకోవడం నా పని. కొత్తగా తోట పెట్టుకున్నవాళ్లలో బద్ధకస్తులు నాకు పెద్దగా తగల్లేదు. అందరూ కష్టపడతారు, కాకపోతే అక్కర్లేని చోట. నీళ్లు, ఎరువులు, మందులు ఎక్కువ. చూడడం, పీకడం, కత్తిరించడం తక్కువ. దీని వెనకున్న నమ్మకాల్లో కొన్ని ఇవి.

అపోహ: ఇలాంటి తోట దానంతటదే పెరుగుతుంది, పెద్దగా పనుండదు.

వాస్తవం: అలా కనిపించాలంటేనే పని ఎక్కువ. వరసల్లో నాటితే ఏది మొక్కో ఏది కలుపో ఎవరికైనా తెలుస్తుంది. ఇక్కడ బంతి, కాస్మోస్ లాంటివి తమ గింజలు తామే రాల్చుకుని ఎక్కడ పడితే అక్కడ మొలుస్తాయి. నాలుగైదు ఆకులు వేసేసరికే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోవాలి. పాపం అని అన్నీ వదిలేస్తే, బలమైన రెండు మూడు రకాలు మిగతావాటికి ఎండ తగలనివ్వవు. బతికున్న మొలకను పీకడానికి చేతులు రానివాళ్లకు ఈ రకం తోట టెన్షనే.

అపోహ: మొక్క వాలిపోయిందంటే నీళ్లు కావాలని అర్థం.

వాస్తవం: ఎక్కువ మొక్కలు చచ్చేది ఈ నమ్మకం వల్లే. మండుటెండలో ఆకులు వదిలేసే నీటిని వేళ్లు అంత వేగంగా అందించలేవు. అందుకే నేల తడిగా ఉన్నా మొక్క తల వాలుస్తుంది. సాయంత్రానికి తేరుకుంటే దానికేమీ కాలేదు. తెల్లవారాక కూడా వాలే ఉంటే అప్పుడు ఆలోచించాలి. అప్పుడు కూడా పైపు పట్టుకునే ముందు వేలితో రెండు అంగుళాల లోతు మట్టిని తాకి చూడండి. పొడిగా ఉంటే దాహమే. తడిగా ఉంటే మాత్రం వేళ్లకు గాలి ఆడక కుళ్లు మొదలైందేమోనని అనుమానించాలి. కుళ్లిన వేరు నీళ్లు పీల్చలేదు కాబట్టి, దాహంతో ఉన్న మొక్కా నీళ్లెక్కువైన మొక్కా పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండోదానికి మళ్లీ నీళ్లు పోశామంటే ఇక అంతే.

రోజూ కాసిని నీళ్లు చిలకరించే అలవాటూ మంచిది కాదు. పైపొర మాత్రమే తడిస్తే వేళ్లూ అక్కడే ఆగిపోతాయి, నాలుగు రోజులు ఊరెళ్తే మొక్క తట్టుకోలేదు. నేల లోతుగా తడిసేలా పోసి, పైన ఆరాకే మళ్లీ పోయండి. కుండీలకు ఈ లెక్క వర్తించదు. ఎండాకాలంలో వాటిని రోజూ చూసుకోవాల్సిందే.

అపోహ: మధ్యాహ్నం నీళ్లు చల్లితే బొట్లు భూతద్దాల్లా పనిచేసి ఆకుల్ని కాల్చేస్తాయి.

వాస్తవం: నున్నటి ఆకుల మీద అలా జరగదని ప్రయోగాల్లో తేలింది. మధ్యాహ్నం వద్దనేది నీరు ఆవిరై వృథా అవుతుందని. మొక్క నిజంగా ఎండిపోతుంటే మిట్టమధ్యాహ్నమైనా పోయండి. నా లెక్కలో అసలు ప్రమాదం రాత్రంతా ఆకులు తడిగా ఉండడం. గులాబీకి నల్లమచ్చ తెగులు తెచ్చే శిలీంధ్ర బీజాలు మొలకెత్తాలంటే ఆకు సుమారు 7 గంటలు తడిగా ఉండాలి. పొద్దుపోయాక మొక్కకు తలస్నానం చేయిస్తే ఆ గంటలు మనమే సమకూర్చినట్టు. పొద్దున్నే, మొదలు దగ్గర పోయండి.

అపోహ: కుండీ అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా పోతాయి.

వాస్తవం: పోవు. మెత్తటి మట్టిలోని నీరు ముతక రాళ్లలోకి తేలిగ్గా దిగదు. మట్టి నిండా తడిసేదాకా రాళ్ల పైనే నిలుస్తుంది. అంటే బాగా తడిగా ఉండే పొర వేళ్లకు ఇంకా దగ్గరవుతుంది. అడుగున రంధ్రం, గుల్లగా ఉండే మట్టి ఉంటే చాలు.

అపోహ: ఎరువు ఎంత వేస్తే అన్ని పూలు.

వాస్తవం: ఎరువులోని నత్రజని ఎక్కువైతే వచ్చేది ఆకే. కాస్మోస్, నాస్టర్షియం లాంటివి సారం తక్కువ నేలలోనే విరగబూస్తాయి. పశువుల ఎరువు వేసేట్టయితే బాగా చివికినదే వేయాలి, పచ్చి పేడ వేళ్లను దెబ్బతీస్తుంది. ఎప్సమ్ సాల్ట్ అన్నిటికీ మందనేది ఇంకో పిచ్చి. అందులో ఉండేది మెగ్నీషియం, గంధకం. లోటు లేని నేలలో వేస్తే ఆ మెగ్నీషియం కాల్షియంకి అడ్డుపడుతుంది. టమాటా కాయ అడుగున నల్లబడుతుంటే చాలామంది గుడ్డు పెంకులు వేస్తారు. పెంకు కరగడానికి చాలా కాలం పడుతుంది, పైగా చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉండనే ఉంటుంది. ఒకరోజు నీళ్లతో ముంచెత్తి నాలుగు రోజులు ఎండబెడితే ఆ కాల్షియం కాయదాకా చేరదు, అంతే.

అపోహ: పురుగు కనబడగానే మందు కొట్టాలి. వేపనూనె సహజమే కాబట్టి ఎంతైనా కొట్టొచ్చు.

వాస్తవం: పేనుబంక అంటే మొక్కల రసం పీల్చే చిన్న పురుగు. వెచ్చటి రోజుల్లో అది జత కట్టకుండానే పిల్లల్ని పెడుతుంది, కాబట్టి కొన్ని మిగిలినా మళ్లీ గుంపవుతుంది. దాన్ని తినే అక్షింతల పురుగులు అంత త్వరగా పెరగవు. మందుతో ముందు నష్టపోయేది అవే. వాటి పిల్ల పురుగులు నల్లగా, ముళ్లు ముళ్లుగా ఉంటాయి. అవేంటో తెలియక నలిపేసేవాళ్లే ఎక్కువ. పేనుబంకను నీటిధారతో కొట్టి ఒకట్రెండు వారాలు ఆగి చూడండి. వేపనూనె కూడా చిక్కగా కలిపి ఎండలో కొడితే ఆకులు మాడతాయి. కొట్టక తప్పదంటే సాయంత్రం కొట్టాలి.

అపోహ: బంతి ఉంటే తోటలోకి పురుగే రాదు.

వాస్తవం: బంతి వేళ్లలోని పదార్థం మట్టిలోని కొన్ని నులిపురుగుల్ని తగ్గిస్తుంది. అదీ మడంతా ఒత్తుగా వేస్తేనే. గట్టు మీద నాలుగు మొక్కలు పెడితే అందంగా ఉంటాయి, అంతవరకే.

అపోహ: ఒకసారి లోతుగా తవ్వి కలుపంతా తీసేస్తే పీడ పోతుంది.

వాస్తవం: 1879లో అమెరికాలోని మిషిగన్‌లో విలియం జేమ్స్ బీల్ అనే వృక్షశాస్త్రవేత్త కలుపు గింజల్ని సీసాల్లో వేసి పాతిపెట్టాడు. 2021లో తీసిన సీసాలోని కొన్ని గింజలు అప్పటికీ మొలిచాయి. అన్ని గింజలూ అంతకాలం బతకవుగానీ, మీ నేలలోనూ ఎన్నో ఏళ్ల నాటివి ఉంటాయి. తవ్వినప్పుడల్లా అవి పైకొస్తాయి, వెలుతురు తగిలితే చాలావాటికి మొలిచే అదను దొరుకుతుంది. తవ్వడం మానేసి, ఎండుటాకులు రెండు మూడు అంగుళాల మందాన కప్పండి, కాండానికి మాత్రం ఆనకుండా. మధ్యలోంచి ఏదైనా పైకొస్తే గింజ కట్టకముందే లాగేయండి.