పెద్దయ్యాక బయటపడే ఏడీహెచ్‌డీ

నలభయ్యో ఏట ఒక మనిషికి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు లక్షణాలుగా ఉండే సమస్య) ఉందని వైద్యులు తేల్చారంటే, అది నలభయ్యో ఏట మొదలైందని కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో వెలువరించిన, మానసిక సమస్యల నిర్ధారణకు వైద్యులు వాడే డీఎస్‌ఎం-5 అనే పుస్తకం ప్రకారం, లక్షణాల్లో కొన్నైనా 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. అంతకుముందు ఈ హద్దు 7 ఏళ్లే. దీన్ని పట్టిచ్చే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేవు కనుక, వైద్యులు పాత ప్రోగ్రెస్ రిపోర్టుల్లో టీచర్లు రాసిన మాటలనూ తల్లిదండ్రుల జ్ఞాపకాలనూ సాక్ష్యంగా తీసుకుంటారు. థైరాయిడ్ సమస్య, నిద్రలేమి, కుంగుబాటు కూడా ఏకాగ్రతను చెదరగొడతాయి కాబట్టి ముందు వాటి సంగతి చూస్తారు.

అల్లరి చేయకుండా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్న పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఎవరి కంటా పడకుండా పెద్దవాళ్లయిపోతారు. ఇష్టమైన పనిలో గంటల తరబడి మునిగిపోయే మనిషే పది నిమిషాల్లో నింపగల ఫారాన్ని వారాల పాటు పక్కన పెడతాడు. అతనికి ఏకాగ్రత లేక కాదు, దాన్ని అవసరమైన వేళ అవసరమైన చోటికి మళ్లించడం అతని చేతిలో లేక. దీనికి బద్ధకమని పేరు పెట్టడం అన్యాయమని నా అభిప్రాయం.

చికిత్సలో ఎక్కువగా వాడే మందుల్లో ఒకటి మిథైల్‌ఫెనిడేట్. దీన్ని 1944లో సీబా సంస్థ రసాయన శాస్త్రజ్ఞుడు లియాండ్రో పానిజోన్ తయారుచేశాడు. మెదడులో ఒక నాడీకణం విడుదల చేసిన డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అనే సంకేత రసాయనాలు మళ్లీ అదే కణంలోకి వెళ్లిపోకుండా ఈ మందు అడ్డుకుంటుంది కాబట్టి, ఆ సంకేతాలు మరికొంతసేపు నిలుస్తాయి. మామూలు మాత్ర పనిచేసేది మూడు నాలుగు గంటలే. నెమ్మదిగా విడుదలయ్యే రకాలు రోజులో ఎక్కువ భాగం పనిచేస్తాయి. మిథైల్‌ఫెనిడేట్‌లా ఉత్తేజక మందు (స్టిమ్యులెంట్) కాని ఆటమోక్సిటిన్ అనే మరో మందు ప్రభావం పూర్తిగా తెలియడానికి వారాలు పడుతుంది.

సరిపోయే మోతాదు ఎవరికెంతో శరీర బరువును బట్టి చెప్పలేరు. అందుకే తక్కువతో మొదలుపెట్టి, ఆకలి, నిద్ర, గుండె వేగం, రక్తపోటు గమనిస్తూ మెల్లగా పెంచుతారు. గుండె జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. వాయిదా వేసే అలవాటును మాత్ర ఒక్కటే మాన్పించదు గనుక, పనిని చిన్న ముక్కలుగా విడగొట్టుకోవడం నేర్పే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీని (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకోవడానికి మాటలతో చేసే చికిత్స) కూడా సూచిస్తారు. మందు పనిచేస్తోందా అనడానికి ఆధారం ఉత్సాహం కాదు. వారాలుగా పక్కన పడి ఉన్న ఆ ఫారం ఈసారి పూర్తయిందా అన్నది చూడాలి.